మెట్ల మలుపులో మందు

మా ఆయన మా బిల్డింగ్ సంఘానికి సెక్రటరీ. జీతం లేని ఉద్యోగం కాబట్టి ప్రాణం పెట్టి చేస్తారు.

పై అంతస్తులో ఉండే ఎలక్ట్రీషియన్ ఆ మధ్య మెట్ల మలుపులో ఒక సంచీ తగిలించాడు. అందులో ముక్కులోకి కొట్టే స్ప్రే ఉంది. మత్తుమందో, నొప్పికి వాడే అలాంటి మందో ఎక్కువై ఊపిరాగిపోతున్న మనిషిని అది వెనక్కి తెస్తుందట. అతని తమ్ముడు అలాగే పోయాడు. ఆ సంచీ చూస్తే మా ఆయనకి ఒళ్ళు మండేది. వచ్చేపోయేవాళ్ళు మనందర్నీ మత్తుగాళ్ళనుకుంటారని నోటీసిచ్చి తీయించారు. ఎలక్ట్రీషియన్ సంచీ ఇంట్లోకి పట్టుకుపోయాడు.

మా అత్తగారికి నడుంనొప్పి. డాక్టరు వీపుకి అంటించుకునే మందుపట్టీ రాశారు. అదీ ఆ మత్తుమందుల జాతిదే, కానీ మా ఇంట్లో దాన్ని పట్టీ అనే అంటాం. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పాతది తీయకుండానే కొత్తది అంటించుకుని, దానిమీద వేణ్ణీళ్ళ బ్యాగు పెట్టుకుని పడుకున్నారు. వేడికి మందు తొందరగా ఒంట్లోకి దిగుతుందని మాలో ఎవరికీ తెలీదు.

గురక తేడాగా ఉందేమిటా అని వెళ్ళి చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి. ఎంత కుదిపినా పలకలేదు. నేను అంబులెన్సుకి ఫోన్ చేస్తుంటే మా ఆయన చెప్పుల్లేకుండా పై అంతస్తుకి పరిగెత్తారు. నోటీసివ్వడానికి వెళ్ళినప్పుడు తీరిగ్గానే ఎక్కారు.

ఎలక్ట్రీషియన్ వచ్చి వేణ్ణీళ్ళ బ్యాగు పక్కన పడేసి, పట్టీలు పీకేశాడు. ముక్కులో స్ప్రే కొట్టి, నోట్లోకి ఊపిరి ఊదాడు. కాసేపటికి అత్తగారు కళ్ళు తెరిచి, తన బ్యాగు ఎవరు తీశారని అడిగారు. ఆవిడకీ నాకూ పడదు. అయినా నాకు ఏడుపు ఆగలేదు.

మా ఆయన చేతులు జోడించబోతే అతను వద్దన్నాడు.

"దీని పని కాసేపేనండీ, మళ్ళీ ఊపిరాగొచ్చు. ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే." తర్వాత అత్తగారి వైపు చూస్తూ అన్నాడు, "ఆ రోజు మా తమ్ముడి కోసం నేనూ ఇలాగే అందరి తలుపులూ కొట్టాను. ఎవరి దగ్గరా లేదు."

మర్నాడు ఆసుపత్రి నుంచి వస్తూ మందుల షాపులో ఆగాం. మా వెనక మా బిల్డింగ్ వాళ్ళే ఇద్దరు నిలబడ్డారు. మా ఆయన స్ప్రేలు రెండు కావాలన్నారు. ఎవరికోసమని అడిగాడు షాపతను.

మా ఆయన ఒకసారి వెనక్కి చూశారు.

"ఒకటి మా అమ్మకి," అన్నారు, అందరికీ వినపడేలా. "రెండోది ఎవరికైనా."