బతికున్నవాళ్ళకు శోకాలు

రొట్టెపిండి ఎండలో పొంగడానికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలూ నావి. మా సోహాగ్ పట్నంలో రొట్టెను పొయ్యిలోకి పంపేముందు మట్టి పళ్ళేల మీద పెట్టి మేడమీద ఎండలో ఉంచుతాం. పిట్టలు ముట్టకుండా ఎవరో ఒకరు కాపలా కూర్చోవాలి. ఇరవై మూడేళ్ళుగా ఆ ఎవరో ఒకరు నేనే. పోయినేడాది నుంచి మాత్రం ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చుంటున్నాను. మొదటిసారి చూసినప్పుడు మా ఆయన రిఫాయి, "పిండిని చూడమంటే అక్షరాలు చూస్తున్నావా, ఇంక మేం రొట్టె తిన్నట్టే" అన్నాడు. రొట్టె బాగానే పొంగింది. నాలుగు తిన్నాడు కూడా. బాగుందని మాత్రం అనలేదు, అదెప్పుడూ అనే అలవాటు లేదు.

మా అమ్మాయి హింద్ పెళ్ళయి కెనా పట్నానికి వెళ్ళిపోయాక, నలభై ఒకటో ఏట, నేను విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదవడానికి చేరాను. ఒప్పుకోవడానికి రిఫాయి మూడు నెలలు తీసుకున్నాడు. కాలువల ఆఫీసులో గుమాస్తా ఆయన. అక్కడివాళ్ళు "ఏమయ్యా, రేపు మీ ఆవిడ నీకు పై అధికారిణిగా వస్తుందా" అని ఏడిపించారట. ఆ కోపం ఇంటికి మోసుకొచ్చి నాకొక షరతు పెట్టాడు. ఒక్క సబ్జెక్టు పోయినా సరే, పుస్తకాలు కట్టి అటకెక్కించి ఇంట్లో కూర్చోవాలి. వంట ఆగకూడదు, బట్టలు ఆగకూడదు, వాళ్ళమ్మకు మందులు ఆగకూడదు. ఏదీ ఆగలేదు. తెల్లారకముందే లేచి మధ్యాహ్నం కూర కూడా వండి మూతపెట్టి, అప్పుడు బస్సెక్కేదాన్ని. మొదటిరోజు తరగతి గుమ్మంలో నిలబడితే ఒక కుర్రాడు ఎంతో మర్యాదగా, "ఆంటీ, ఈ గది తుడవడం అయిపోయింది, పక్క గదికి వెళ్ళండి" అన్నాడు. వెళ్ళి మొదటి బెంచీలో కూర్చున్నాను. ఆ రోజు వాడి ముఖం ఎర్రబడింది, నా ముఖం అంతకంటే ఎర్రబడింది. కానీ లేవలేదు.

అన్నిట్లోకీ నేను వణికింది జానపద సాహిత్యానికి. చెప్పేది డాక్టర్ సుహైర్. సన్నగా, గట్టిగా, నవ్వని మనిషి. ఆవిడ ఒకరోజు బల్ల మీద చెయ్యి వేసి, మన ఊళ్ళలో చావింట ఆడవాళ్ళు పెట్టే శోకాలు కూడా సాహిత్యమే అంది. వెనక బెంచీల్లో నవ్వులు. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. నా చిన్నతనమంతా ఆ పాటల మధ్యే గడిచింది, వాటిని కవిత్వమని పిలిచే మనిషిని మాత్రం అప్పుడే చూశాను. ఒక్కొక్కరూ ఇరవై శోకాలు సేకరించి తెచ్చి తరగతిలో చదవాలి, పాడినావిడ పేరు, వయసు, ఊరు రాయాలి అని చెప్పింది. వందకు నలభై మార్కులు దీనికే. పేరు లేకపోతే సున్నా, సున్నా వస్తే సబ్జెక్టు పోయినట్టే. "పాట తీసుకుని పేరు వదిలేయడాన్ని మా దగ్గర దొంగతనం అంటారు" అంది.

ఇరవై ఏమిటి, రెండు వందలు నా ఇంట్లోనే ఉన్నాయి. మా అత్తయ్య ఒకప్పుడు ఈ పేటకంతటికీ శోకాలు పెట్టిన మనిషి. చావు కబురు అందితే ముందు ఆవిడ కోసం మనిషిని పంపేవారు, తర్వాతే శవానికి చుట్టే కఫను బట్ట కోసం. ఆవిడ నోరు విప్పితే ఏడవనివాళ్ళు కూడా ఏడ్చేవారు, అత్తకు చావు వస్తే బాగుండునని మొక్కుకున్న కోడళ్ళతో సహా. పదేళ్ళ కిందట రిఫాయి మసీదులో ఏదో ఉపన్యాసం విని వచ్చి, శోకాలు పెట్టడం పాపమనీ, కొడుకు పరువు తీయొద్దనీ అన్నాడు. ఆవిడ నల్ల శాలువా మడిచి పెట్టెలో పెట్టేసింది. ఇక కడుపున పుట్టినవాడు పోతే తప్ప నోరు తెరవనని మాత్రం చుట్టుపక్కలవాళ్ళతో అంది. తమాషాకి అన్నదో కోపంతో అన్నదో ఎవరికీ తెలియదు.

మందులిస్తూ, శోకాలు పాడమని అత్తయ్యను అడిగాను. ఆవిడ మాత్ర పక్కన పెట్టేసింది. "శవం లేని ఇంట్లో శోకం పెట్టడమంటే శవాన్ని రమ్మని కబురు పెట్టడమే పిల్లా" అంది. అది మాకందరికీ తెలిసిన సంగతే. పెళ్ళిపాట ఎప్పుడైనా పాడుకోవచ్చు, శోకం అలా కాదు. పోనీ పాడకుండా మాటలుగా చెప్పమన్నాను. రాగం లేకపోతే మాటలు రావంది. మరెవరినైనా అడుగుదామని వీధంతా తిరిగాను. అందరిదీ అదే జవాబు, మా ఇంట్లో అందరూ చల్లగా ఉన్నారమ్మా, వద్దులే. గడువు ఇంక రెండు రోజులుంది. "నీ చావు చదువు చచ్చే పాటలకొచ్చిందన్నమాట. పోతే పోనీ, మంచిదే" అన్నాడు రిఫాయి టీలో చక్కెర కలుపుకుంటూ. ఆ చెంచా చప్పుడు విని నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు కోస్తున్నట్టు నటించాను.

మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్ళాక, పదకొండింటప్పుడు, అత్తయ్య నన్ను తన గదిలోకి పిలిచింది. నల్ల శాలువా కప్పుకుని నేలమీద కూర్చుని ఉంది. ఫోను తెచ్చుకో, అందులో గొంతు పడుతుందటగా అంది. ఎవరికి పాడతారు అత్తయ్యా, ఎవరూ పోలేదుగా అన్నాను భయంగా.

"నాకే" అంది. "రేపు నేను పోతే నా కొడుకు ఎవర్నీ నోరెత్తనివ్వడు. పేట పేటంతటినీ పంపించినదాన్ని, నేను మాత్రం మూగగా పోవాలా? నా శోకం నేనే పెట్టుకుని పోతా. శవం నేనే కాబట్టి దోషం లేదు."

పదేళ్ళు మూతబడిన గొంతు మొదట గరగరలాడింది, తర్వాత దారి దొరికింది. నేను ఫోను ఉన్నా నమ్మకం లేక చేత్తో కూడా రాసుకున్నాను.

తలుపు గడియ వేయకండమ్మా, నేనింకా గడప దాటలేదు
పొయ్యి ఆర్పకండమ్మా, నా చేతి రొట్టె ఇంకా దిగలేదు

నల్ల శాలువా విప్పి చూడండి, అందులో నా గొంతుంది
పదేళ్ళు మడిచి పెట్టారు, చిమ్మటలు కొట్టాయేమో చూడండి

రాస్తూ రాస్తూ వెక్కివెక్కి ఏడ్చాను. కిటికీ తెరిచి ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. కొడుకు పోతే తప్ప నోరు తెరవనన్న మనిషి గొంతు వీధిలో వినబడితే వీధి ఏమనుకుంటుంది? ఆరో శోకం దగ్గర వాకిట్లో కేక వినబడింది. రజబ్ తల్లి, మా ఎదురింటావిడ, నల్లబట్టల్లో, నెత్తిన అన్నం పళ్ళెంతో ఏడుస్తూ లోపలికి వచ్చి నన్ను కావిలించుకుంది. చావింట పొయ్యి వెలగదు కాబట్టి తమ మధ్యాహ్నం వంట తమవాళ్ళకు పెట్టకుండా ఇక్కడికే మోసుకొచ్చింది. ఆవిడ వెనక ఇంకో ఏడుగురు, ఏడు పళ్ళేలు. మల్లుఖియా ఆకుకూర, పప్పు, కుందేలు వేపుడు. ఎవరూ పోలేదని చెబుతున్నాను, దుఃఖంతో మతి పోయిందని వాళ్ళు నా తల నిమురుతున్నారు. అత్తయ్యేమో కళ్ళు మూసుకుని ఏడో శోకంలో ఉంది, ఆపలేదు.

రిఫాయి రెండింటికి వచ్చేసరికి మగవాళ్ళు వాకిట్లో కుర్చీలు కూడా వేసేశారు. ఆయన్ని చూసి ఒకాయన దేవుడి పేరు తలుచుకుని చేతిలో కుర్చీ తన కాలిమీదే వదిలేశాడు. లోపలికొస్తే తల్లి శోకం పెడుతోంది, ఎనిమిదిమంది ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు, భార్య మాత్రం నోట్‌బుక్కులో పడి రాసుకుంటోంది. ముందు కోపం రాలేదు ఆయనకి, ముఖం పాలిపోయింది.

"అంటే నేను చచ్చినా నువ్వు రాసుకుంటూనే కూర్చుంటావన్నమాట" అన్నాడు.

నేను ఎంత ఆపుకున్నా నవ్వొచ్చేసింది. దాంతో ఆయనకి కోపం ముంచుకొచ్చింది. అందర్నీ వెళ్ళమని అరిచాడు. రజబ్ తల్లి లేవలేదు. "నల్లబట్టలు కట్టుకున్నాం, కన్నీళ్ళు తెచ్చుకున్నాం. మళ్ళీ ఇంటికి మోసుకుపొమ్మంటావా నాయనా? నువ్వు బతికుంటే మంచిదే, అవతలికెళ్ళి బతుకు" అని కాళ్ళు చాపుకుని కూర్చుంది. నా వైపు తిరిగి, ఐదో తరగతిలో తన బడిసంచి లాక్కుని ఇంట్లో కూర్చోబెట్టారనీ, ఆ చావుకి ఇంతవరకూ ఎవరూ ఏడవలేదనీ చెప్పి, దాని మీద రెండు పాదాలు కట్టి పాడింది. ఆ తర్వాత ఇంకొకావిడ. సాయంత్రానికి నా దగ్గర ఇరవై కాదు, ముప్పై నాలుగున్నాయి. పాడిన ప్రతి ఆవిడా వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, తన పేరు నా చెవిలో చెప్పి వెళ్ళింది.

అందరూ వెళ్ళాక కాగితాలు శుభ్రంగా ఎత్తిరాయడానికి కూర్చున్నాను. రిఫాయి వచ్చి నా భుజం మీంచి చూశాడు. పాడినవారి పేరు అన్న గీత ఇంకా ఖాళీగా ఉంది. మా దగ్గర మగవాడు తల్లి పేరు బయట చెప్పడు. చిన్నప్పుడు బడిలో ఒకడు తన తల్లి పేరు కనుక్కుని అరిస్తే రిఫాయి వాడి పన్ను రాలగొట్టాడట. "మగపిల్లల ముందు మా అమ్మ పేరు చదువుతావా? ఒక ముసలావిడ అని రాయి. లేదంటే రేపు గడప దాటొద్దు" అన్నాడు. అలా రాస్తే సున్నా, సున్నా వస్తే ఆయన షరతు. రెండు వైపులా గోడే. నిజం చెప్పొద్దూ, కలం ఎత్తాను. ఇరవై మూడేళ్ళుగా వినయం అలవాటైన చెయ్యి, ‘ఒక ముసలా’ అనేదాకా రాసేసింది కూడా. నా మీద నాకే అసహ్యమేసింది.

"కొట్టెయ్" అంది అత్తయ్య మంచం మీంచి. "నబవియ్య అని రాయి. డెబ్బై రెండేళ్ళు. సోహాగ్." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "అది నువ్వు పెట్టిన పేరు కాదురా, కొట్టేయించడానికి. మా అమ్మ పెట్టింది. నువ్వు పుట్టేదాకా దాంతోనే బతికాను. నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ అందరికీ రిఫాయి తల్లినే అయ్యాను. ఒక్క కాగితం మీద నన్ను నేనుగా ఉండనివ్వు."

నేను కొట్టేశాను. ఆవిడ పేరు పెద్ద అక్షరాలతో రాశాను. సేకరించినవారు అన్నచోట ఇన్‌షిరాహ్ అని నా పేరు రాశాను. సిరా ఆరాక, రేపు నేను వెళ్తున్నానని రిఫాయితో చెప్పాను. వెళ్ళొచ్చా అని అడగలేదు.

"నువ్వు చదివితే శవం కూడా లేచి నవ్వుతుంది, రాగం ఎక్కడుంది నీకు" అంది అత్తయ్య. "నేనూ వస్తా. ఆ డాక్టరమ్మని నేను చూడాలి."

రిఫాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మరి రేపు మధ్యాహ్నం నాకు అన్నం ఎవరు పెడతారు?" అన్నాడు.

"వంటింట్లో ఎనిమిది పళ్ళేలున్నాయిరా" అంది వాళ్ళమ్మ శాలువా సర్దుకుంటూ. "నువ్వు పోయావని వీధంతా తెచ్చిపెట్టింది. వేడి చేసుకుని తిను."