ముప్పై ఆరు కన్నాలు

డోన్ దగ్గర ఒక చోట రైలుకట్ట మీద పట్టాలు, కట్ట కింద ముప్పై ఒక్క ఇళ్లు ఉన్నాయి. కట్ట జారకుండా రెండేళ్ల కిందట గోడ కట్టారు. వెనక చేరే నీళ్లు బయటికి పోవడానికి అందులో ముప్పై ఆరు కన్నాలు పెట్టారు. రెండేళ్లూ వాటిలోంచి తొండలు తప్ప ఏమీ రాలేదు.

ఈ సెప్టెంబరులో తొమ్మిది రోజులు వాన పడింది. కన్నాలు కారాయి. పదో రోజు రసూల్ సాహెబ్ అనే మేస్త్రీ వేపకర్రతో బిరడాలు చెక్కి, గోనెపట్ట చుట్టి, ముప్పై అయిదు కన్నాలకు బిగించాడు. ముప్పై ఆరోదానికి కుళాయి పెట్టాడు. ఊళ్లో అతనికి శాలువా కప్పారు.

నాలుగు రోజుల తరువాత పట్టాలు కుంగాయి. రైళ్లను డోన్‌లో ఆపేశారు. ఇంజినీరు శ్రీవిద్య వచ్చి గోడ చూసింది.

"ఇది ఎవరు చేసినారు?"

"నేనే మేడమ్," అన్నాడు రసూల్ సాహెబ్. "చుక్క కారదు. చూసుకోండి."

"కారాలనే పెట్టినాం సాహెబ్."

"కారి యాడికి పోతాయి? వంకలోకి. వంకకేమన్నా దాహమా?"

"వెనక నీళ్లు తోసి గోడ రెండంగుళాలు ముందరికొచ్చిండాది."

కుళాయి దగ్గర వరసలో మొదట ఉన్న విశ్వాసమ్మ బిందె దించలేదు. "రెండంగుళాలకే ఇంత రచ్చా? మా ఇంటి గోడ మూరెడు వంగిండాది. మా మామ కాలం నుంచీ అట్లే ఉండాది."

"మీ గోడ మీద రైలు పోదు గదమ్మా."

విశ్వాసమ్మ పైన పట్టాలను చూసింది. తరువాత ఇరవై అడుగుల దూరంలో ఉన్న తన ఇంటిని చూసింది.

"బిరడాలు పీకు సాయిబూ," అంది. "ఆగాగు. బిందెలు తెచ్చుకోనీ."

బిందెలు చాలలేదు. బిర్యానీ డేగులు వచ్చాయి. చర్చి నుంచి బాప్తిస్మం తొట్టి వచ్చింది. నీళ్లు నాలుగు గంటలు పారాయి.

తను వెళ్లగానే బిరడాలు మళ్లీ ఎక్కుతాయని శ్రీవిద్యకు తెలుసు. ఎర్ర రంగు తెప్పించి కన్నాలకు నంబర్లు వేసింది, చీటీలు తీసి ఇంటికొకటి రాసిచ్చింది. మిగిలిన అయిదిటిలో మసీదుకు, చర్చికి, రామాలయానికి, బడికి ఒక్కొక్కటి. చివరిది ఎద్దులకు.

"ఎవరి కన్నం కారితే వాళ్లకే నీళ్లు," అంది. "మూసుకున్నోళ్లకు ల్యా."

గోడలో పడిన పగులుకు అడ్డంగా గాజుముక్క అతికించి వెళ్లింది. గోడ కదిలితే అది విరుగుతుంది. పదకొండు రోజులైనా విరగలేదు.

పన్నెండో రోజు వార్డు మెంబరు మహానంది ఫోన్ చేశాడు. "మేడమ్, పదిహేడో నంబరు నాది. మూడు దినాలుగా కారడం ల్యా. పక్కోళ్లవన్నీ కార్తాండాయి. కావాలనే నాకిది అంటగట్టినారు."

శ్రీవిద్య మనిషిని పంపింది. కన్నం లోపల బురద పేరుకుని ఉంది. కడ్డీతో పొడిస్తే నీళ్లు వచ్చాయి. రెండేళ్లలో ఆ గోడ గురించి ఆఫీసుకు చేరిన మొదటి తనిఖీ నివేదిక మహానంది ఫోనే.

సాయంత్రం పద్దెనిమిదో నంబరు వాళ్లు ఫోన్ చేశారు. తమ నీళ్లు మహానంది కన్నంలోకి పోతున్నాయని.