మూడుసార్లు కడిగిన ట్యూబులు

లంచ్ డబ్బా తోముతుంటే వెనకనుంచి మొగుడు అన్నాడు. "పాలు తోడుపెట్టడానికి మా అమ్మకు ఏ డాక్టరేటూ అక్కర్లేకపోయింది." పదకొండేళ్లలో ఆ జోకు అరిగిపోయింది గానీ, చెప్పేవాడికి మాత్రం ఇంకా కొత్తగానే ఉంది. వేరే రోజైతే ఆమె చురక వేసేదే. ఇవాళ తోమిన డబ్బానే మళ్లీ తోమింది. నిన్నటినుంచి సిగ్గుతో చచ్చిపోతోంది మరి.

ఆమె పనిచేసేది పాల పరిశోధనశాలలో. పాలను తోడుపెట్టే సూక్ష్మజీవి ఒకటి రెండవ్వాలంటే కొత్తగా డీఎన్ఏ కట్టుకోవాలి. దానికి ఇటుకలు కావాలి. కొన్ని జాతులు నానా చాకిరీ చేసి ఆ ఇటుకలు తామే తయారుచేసుకుంటాయి. కొన్నిటికి ఆ పని చేతకాదు, దొరికినవి ఏరుకుంటాయి. చేతనైనవి కూడా, తయారుగా దొరికితే సొంత పని ఆపేస్తాయి. పాలల్లో ఈ ఇటుకలు కరువు, అందుకే తామే చేసుకోగల జాతికి గిరాకీ. తను పెంచుతున్న సూక్ష్మజీవి జాతి అలాంటిదేనని, ఇటుకలు వేయని ద్రావణంలో కూడా పెరిగిందని, నెలరోజులు చంకలు గుద్దుకుంది.

ఒక సాయంత్రం అత్తగారి మందుల వేళ దాటిపోతుందని పని సగంలో వదిలి పరిగెత్తింది. మిగతాది సీసాలక్క చేసింది. ఆవిడ గాజుసామాను కడిగే మనిషి, అందరికీ సీసాలక్కే. ఇలా సగం పనులు అందుకోవడం ఏడేళ్లుగా ఆవిడకు అలవాటు. మర్నాడు చూస్తే ట్యూబుల్లో ఏమీ పెరగలేదు.

"ఏం చేశావక్కా! నా పనంతా నాశనం చేశావు కదా!"

"మీరు ఆ జీవుల్ని పాత ద్రావణంలోంచి తీసి, ఒక్కసారే కడిగి ట్యూబుల్లో వేస్తారమ్మా. నేను మూడుసార్లు కడిగాను. ఇన్నాళ్లూ వాటికి అంటుకొచ్చిన పాత తిండే తిని పెరిగాయేమో, చూడండి."

చూసింది. మళ్లీ మళ్లీ చూసింది. మూడుసార్లు కడిగినవి కదల్లేదు. ఇటుకల పొడి చిటికెడు వేయగానే జోరుగా పెరిగాయి. సీసాలక్క చెప్పిందే నిజం. తన జాతికి ఇటుక చేయడమే రాదు.

నిన్న మీటింగులో డైరెక్టరు మురిసిపోయాడు. "భలే పట్టావమ్మా! ఎలా తట్టింది?"

"అనుమానం వచ్చింది సార్. మూడుసార్లు కడిగి చూశాను."

ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట! గుమ్మంలో కప్పుల ట్రేతో సీసాలక్క నిలబడి ఉంది. విన్నది. కప్పులు ఏరుకుని వెళ్లిపోయింది. విభాగాధిపతి పదవి నీదేనన్నాడు డైరెక్టరు, రేపటికల్లా రిపోర్టు ఇమ్మన్నాడు.

పెళ్లయిన కొత్తలో మొగుడి థీసిస్‌లో మూడు అధ్యాయాలు తనే రాసింది. అచ్చయ్యాక చూస్తే, సహకరించిన శ్రీమతికి కృతజ్ఞతలు అని ఒక్క ముక్క. ఆ ముక్కను పుండులా గోక్కుంటూనే ఉంది ఇన్నేళ్లూ. నిన్న అదే చేత్తో రిపోర్టు చివర టైపు చేసింది, సహకరించిన సిబ్బందికి కృతజ్ఞతలు అని. తన చాకిరీ తిని బతుకుతున్నాడని మొగుణ్ణి ఆడిపోసుకుంది, మరి తను చేస్తున్నదేమిటి? నయం, ఆయన ముందు తిట్టి తర్వాత వాడుకోలేదు. తను ఆ పని కూడా చేసింది.

డబ్బా బోర్లించి, పెందరాళే బయల్దేరి, తిన్నగా డైరెక్టరు గదికి వెళ్లింది.

"సార్, అది పట్టింది సీసాలక్క. నెలరోజుల తప్పు మాత్రం నాది."

"పదవి చేతికొచ్చే వేళ ఇవన్నీ ఎందుకమ్మా?"

"రిపోర్టులో ఆవిడ పేరు నా పేరుకంటే ముందుంటుంది సార్. ఆ తర్వాత మీ ఇష్టం."

అనేసి బయటికొచ్చాక గానీ గుర్తు రాలేదు, ఆ పేరేమిటో తనకు తెలియదని. కడుగుడు గదిలోకి వెళ్లింది. సీసాలక్క బ్రష్షుతో ఫ్లాస్కు తోముతోంది.

"అక్కా, మీ పూర్తి పేరు చెప్పండి."

సీసాలక్క ముఖం పాలిపోయింది. తడి చేతులు గబగబా తుడుచుకుంది.

"ఎందుకమ్మా? ఏం పగిలింది?"