వెనక్కి వాలే మలుపు

అసలు అది తన తప్పెలా అవుతుంది, పడిపోతామనిపిస్తే ఎవరైనా రెండోవైపుకి లాగుతారు కదా, ఒళ్ళు దానంతటదే లాగుతుంది, అందులో ఆలోచించేదేముంది? కారులో ఎన్నేళ్ళు కూర్చోలేదు తను? మలుపు వస్తే తలుపు పైనున్న పిడి పట్టుకుని బిగుసుకు కూర్చునేది, కారు తన మానాన తాను తిరిగేది. సైకిల్ అలా కాదట. వెనక కూర్చున్న మనిషి కూడా తిరగాలట.

క్యారియర్ మీద ఎడమవైపుకి కాళ్ళు వేసి కూర్చుని ఆమె తనలో తాను వాదించుకుంటోంది. ముందు భర్త తొక్కుతున్నాడు. సాయంత్రం, పనులయ్యాక ఇంటికి వెళ్ళే దారి. వారం క్రితం, సైకిల్ ఎక్కిన మొదటిరోజే ఇద్దరూ పడ్డారు. రోడ్డు వాలుగా దిగి, మిల్లు గోడ దగ్గర కుడికి తిరిగేచోట. అతను కుడికి ఒరిగాడు, ఆమె ఎడమకి లాగింది. సైకిల్ ఇద్దరి మాటా వినలేదు. అతని మోచెయ్యి గీరుకుపోయింది, ఆమెకేమీ కాలేదు. మర్నాటి నుంచి వాలు మొదట్లో అతను ఆపుతాడు, ఆమె దిగి నడుస్తుంది, అతను కింద నిలబడి ఉంటాడు. దాని గురించి ఇద్దరూ ఒక్క మాటా అనుకోలేదు.

ఎడమవైపు తిరిగి కూర్చున్న మనిషికి కుడి మలుపంటే వెనక్కి వాలిపోవడమే. కళ్ళు లేని వైపుకి.

కళ్ళతోనే కదా తన బతుకు. కళ్ళద్దాల షాపులో పని. ఫ్రేముకి సరిపోయేలా అద్దాన్ని అరగదీసి, అంచు సరిచేసి బిగించి, లైటుకెదురుగా పట్టుకుని చూస్తుంది. వెంట్రుకంత గీతయినా పట్టేస్తుంది. “నీ కంట్లో పడ్డ అద్దం బతికి బయటపడదమ్మా” అంటాడు షాపాయన. మరి ఆ కళ్ళు నాలుగు నెలలు ఏం చూశాయి?

నాలుగు నెలలు అతను పొద్దున్నే తల దువ్వుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని కారులో వెళ్ళాడు. సాయంత్రం షాపు ముందు ఆగి ఆమెను ఎక్కించుకున్నాడు. అతను పనిచేసే ఆఫీసు అప్పటికే మూతపడిందని ఆమెకు తెలియదు. చెప్పింది ఒక కస్టమరు, రిటైరైన మాస్టారు. కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని అటూ ఇటూ చూసి, సంతోషంగా అన్నాడు:

“నిన్ను తీసుకెళ్ళడానికొచ్చేది మీ ఆయనే కదమ్మా? రోజూ మా వీధిలోనే ఉంటాడు. పాపం, ఎండ ఎటు తిరిగితే అటు కారు జరుపుకుంటూ.”

ఆ రాత్రి ఆమె అరవలేదు. “ఎండకి కారు జరుపుకునేవారట” అంది, అంతే.

అతను నేల చూస్తూ, “రెండింటికి నీడ అవతలి వైపుకి పోతుంది” అన్నాడు, ఆమె అడిగింది అదే అయినట్టు.

వారం తిరక్కుండా కారు అమ్మేశాడు. ఇంట్లో గడవడం కష్టంగా ఉంది, నిజమే. కానీ అతను ఇంకో మాట కూడా అన్నాడు: “అది ఉంటే మళ్ళీ వెళ్ళి అందులో కూర్చుంటానేమో.” తండ్రి తొక్కిన నల్ల సైకిల్‌ని వెనక రేకుల షెడ్డులోంచి తీసి, చైనుకి నూనె పెట్టాడు. ఇప్పుడు అట్టపెట్టెల గోదాములో పని, పాత జీతంలో సగం. అతని చొక్కాకి జిగురు వాసన వస్తుంది. ఉతకడానికి వేసేముందు ఆమె రోజూ వాసన చూస్తుంది. చూసినందుకు రోజూ సిగ్గుపడుతుంది.

ఇవాళ పొద్దున అత్తగారు తల దువ్వుకుంటూ పిలిచింది.

“ఏమే, వాడు నిన్ను సగం దారిలో దించేస్తున్నాడట?”

“నేనే దిగుతున్నాను అత్తయ్యా.”

“ఆ సైకిల్ మీదే మీ మామయ్య వెనకాల పద్దెనిమిదేళ్ళు కూర్చున్నాను. ఒక్కసారీ దిగలేదు.”

“మామయ్యంటే అంత నమ్మకమా?”

“నమ్మకమా నా మొహమా. ఆయన చెప్పేవాటిలో సగం కోతలే. పొద్దుటి నుంచీ చాకిరీ చేసి కూర్చునేదాన్ని, కునుకు పట్టేది. నిద్రపోయేదానికి మలుపేం తెలుస్తుంది? ఒళ్ళు ఎటు పోతే అటు పోయేది.”

నవ్వొచ్చింది అప్పుడు. కానీ పగలంతా అద్దాలు అరగదీస్తూ అదే ఆలోచించింది. ముందు నమ్మకం కుదరాలి, ఆ తర్వాత ఒళ్ళు ఒరుగుతుంది అనుకుంటూ వచ్చింది. ఆ నమ్మకం ఏదో ఒకరోజు లోపలికొచ్చి కూర్చుంటుందని ఎదురుచూస్తోంది. రాకపోతే? ఒకవేళ అది అసలు ముందొచ్చేది కాకపోతే? కునుకు తీసే మనిషి ఎవరినీ క్షమించదు, ఎవరినీ పరీక్షించదు. అలిసిపోయి ఉంటుంది, అంతే. తనూ అలిసిపోయింది. కాపలా కాసీ కాసీ అలిసిపోయింది.

సైకిల్ ఆగింది. వాలు మొదలు. అతను ఒక కాలు నేలకి ఆనించి, వెనక్కి తిరక్కుండా నిలబడ్డాడు. ఆమె అలవాటుగా మునివేళ్ళు నేలకి ఆనించి, లేవబోయి, లేవలేదు.

“దిగవా?”

“కాళ్ళు లాగుతున్నాయి.”

“పోనీ నేనూ దిగుతాను. నడిపించుకుంటూ పోదాం, మెల్లగా.”

“మీరు దిగితే నా కాళ్ళ నొప్పి తగ్గుతుందా?”

అతను వాలు కిందికి చూశాడు. హ్యాండిల్ మీద వేళ్ళు బిగిసి వదులయ్యాయి. కింద మిల్లు గోడ మీద ఎండ ఇంకా కొంచెం ఉంది.

“మళ్ళీ పడేస్తానేమోనని భయంగా ఉంది” అన్నాడు.

అడక్కుండా చెప్పాడు. నీడ గురించి కాదు, ఎండ గురించి కాదు. ఇన్నాళ్ళలో అతను తనంతట తాను తెచ్చి ఆమె ముందు పెట్టిన మాట ఇదే మొదటిది. అది నిజమో కాదో తేల్చుకోవడానికి అతని ముఖం కనిపించడం లేదు. చూడాలని వంగబోయి, ఆగిపోయింది.

“పోనివ్వండి” అంది.

నేలకి ఆనించిన మునివేళ్ళని పైకి తీసుకుని, వెనక చక్రం పక్కనున్న చిన్న ఇనప మెట్టు మీద పాదం పెట్టింది.