మగ్గాల షెడ్డు చూసిన సినిమా

మంటల్లో పోయిన ముగ్గురినీ మిల్లు నూలు గోదాములోంచి బయటికి మోసుకొచ్చినప్పుడు పన్నెండక్క అక్కడే ఉంది. పొగకి కళ్ళు మండిపోతున్నా చూస్తూనే ఉంది. గోదాము తలుపుకి బయటనుంచి తాళం వేసి ఉంది. వాచ్‌మన్ దాన్ని ఇనపకడ్డీతో బాది విరగ్గొట్టాకే తలుపు తెరుచుకుంది. విరిగిన తాళం ఆమె కాళ్ళ ముందే తడినేల మీద పడి చుయ్యిమంది. ఆ పక్కనే గోనెపట్టా కింద ఆమె చెల్లెలి మొగుడున్నాడు. మేనేజరు బూటు ఒకటి మెల్లగా ముందుకొచ్చి ఆ తాళాన్ని పక్కకి నెట్టింది. ఆ తర్వాత అది ఎవరికీ కనబడలేదు.

పన్నెండక్కకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది. షెడ్డులో దాంతో ఎవరికీ పనిలేదు. ఎవరు ఏ మగ్గం మీదుంటే ఆ నంబరే వాళ్ళ పేరు. ఆమె ఇరవై రెండేళ్ళుగా పన్నెండో మగ్గం మీద ఉంది. చెల్లెలు పద్నాలుగో మగ్గం. రెండొందల మరమగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినబడదు. అందుకే అక్కడివాళ్ళు కళ్ళతోనే వింటారు. గొంతు పెట్టకుండా పెదవులు సాగదీసి మాట్లాడతారు, చాలనిచోట చెయ్యి కలుపుతారు. కాలరు పట్టుకుంటే సూపర్‌వైజరు వస్తున్నాడని. పిడికిలి కుడివైపు తిప్పితే మూసెయ్యమని, ఎడమవైపు తిప్పితే తెరవమని. కొత్తగా చేరినవాళ్ళకి ఈ భాష రావడానికి ఏడాది పడుతుంది, చెవులు పోవడానికి అయిదేళ్ళు. అక్కకి చెల్లెలి గొంతు ఎలా ఉంటుందో కూడా సరిగ్గా గుర్తులేదు. పెదవులు మాత్రం చీకట్లో తడిమినా చెప్పగలదు.

ఆఫీసువాళ్ళకి ఇవేం తెలియవు. వాళ్ళ గదులకి దళసరి అద్దాలు. లోపల ఒకరు దగ్గినా ఇంకొకరికి వినబడుతుంది.

మొదటిరోజు గేటు మీది మైకు "దురదృష్టకరమైన ప్రమాదం" అంది. మూడోరోజు "ఎవరో ఒకరి అజాగ్రత్త" అంది. అయిదోరోజు "గోదాములో సిగరెట్టు" అంది. ఎవరి సిగరెట్టో చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది, మిగతాది జనమే పూరించుకున్నారు. షిఫ్టు ఎక్కేటప్పుడు అదే మాట, దిగేటప్పుడు అదే మాట, క్యాంటీన్లో టీ తాగుతుంటే గోడమీద రంగురంగుల అక్షరాల్లో అదే మాట. మిల్లు మన ఇల్లు. బయటివాళ్ళ మాటలు నమ్మకండి. మీ తోటివాళ్ళంతా నిజం వైపే ఉన్నారు, మీరు?

మరిదికి ఉబ్బసం. పొగతాగేవాడు ఎదురైతే రోడ్డు దాటి వెళ్ళేవాడు. అది తెలిసిన పన్నెండక్కే తొమ్మిదోరోజు మంచం మీద కూర్చుని, "నిజంగానే ఎప్పుడైనా దొంగచాటుగా తాగేవాడేమో" అనుకుంది. అనుకున్నాక చెయ్యి తనంతట తనే నోటిమీదకి పోయింది. కాసేపటికి ఇంకోటి తోచింది. ఆరోజు కింద పడింది తాళమేనా? గొళ్ళెం ముక్కేమో? తన కళ్ళతో తను చూసింది. అయినా ఆ తాళం రోజురోజుకీ పొగలా పలచబడిపోతోంది.

ఆ గోడరాతలు రాసిన పెయింటరు కూడా మిల్లు మనిషే. తెల్లారి క్యాంటీన్లో, రంగు మరకల చేతులతో గ్లాసు పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"అక్కా, నీ ముఖం చూస్తే తెలుస్తోంది. నా పని నీమీద పారింది."

"ఏం పనిరా?"

"గోడపని. పైనుంచి కాగితం వస్తుంది, నేను రాస్తా. ముందు మెచ్చుకోమంటారు, మీరంతా బంగారం అని. తర్వాత భయపెట్టమంటారు, ఆర్డర్లు పోతాయి, మిల్లు మూస్తాం అని. ఆ తర్వాత ఒక దొంగని చూపించమంటారు. దొంగ ఎప్పుడూ చచ్చినవాడో, ఊరవతలివాడో అయ్యుండాలి. తిరిగి మాట్లాడడు కదా! ఆఖరికి మీలోంచే ఒకర్ని తెచ్చి మాట్లాడిస్తారు. అబద్ధం నున్నగా ఉండక్కర్లేదక్కా, మళ్ళీమళ్ళీ ఉంటే చాలు. నేనూ ఒకటికి మూడు పూతలు వేస్తా."

"తెలిసే రాస్తున్నావా?"

"తెలిసే రాస్తున్నా. నాకూ ఇద్దరు పిల్లలు. తిట్టాలనుంటే తిట్టు."

ఆమె తిట్టలేదు. తిట్టడానికి కూడా ఓపిక కావాలి.

ఎదురు బల్ల దగ్గర తొమ్మిదో మగ్గం మామ నవ్వాడు. షెడ్డులో అందరికంటే పెద్దవాడు, అందరికంటే ముందు సంతకం పెట్టినవాడు. తలుపు తెరిచే ఉందని మిల్లు రాయించుకుంటున్న కాగితం మీద. "నువ్వెందుకే బెట్టు చేస్తావ్? మీ చెల్లే మేడెక్కి కూర్చుంది. గెస్ట్‌హౌస్‌లో పరుపులంట, ఫ్యాన్లంట!"

"మంటలు పడ్డ మర్నాడే మిల్లువాళ్ళు తీసుకెళ్ళి పెట్టారు. దాన్ని ఎవరినీ కలవనివ్వడం లేదు మామా."

"పరుపు దొరికినవాళ్ళు చాప మీదివాళ్ళని ఎందుకు కలుస్తారే?"

బల్లలన్నీ నవ్వాయి. అలసిపోయినవాళ్ళ నవ్వు, రెండు క్షణాల్లో ఆగిపోయింది. ఆమె చల్లారిన టీ వంకే చూస్తూ కూర్చుంది. చెల్లెలు అమ్ముడుపోయిందన్నది కూడా మైకులో చెప్పిన మాట కాదు. కానీ ఎవరో ఎక్కడో నాటారు, అది వాళ్ళ నోళ్ళలోనే మొలిచింది. రేపు తనూ సంతకం పెట్టేస్తుంది. పెట్టి ఇంటికెళ్ళి పడుకుంటుంది. ఇరవై రెండేళ్ళ నిద్ర బాకీ ఉంది ఒంటికి.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ మగ్గాలు ఆపించి అందర్నీ క్యాంటీన్లో కూర్చోబెట్టారు. కిటికీలకి గుడ్డలు కట్టారు, గోడకి తెల్లటి తెర. తెర పక్కన బల్ల, బల్ల మీద సంతకాల కాగితాలు, పెన్నులు. మేనేజరు మైకు పట్టుకుని, "మన కుటుంబంలోని ఒక ఆడబిడ్డ తన మనసులోని మాట చెబుతుంది, వినండి" అన్నాడు.

తెర మీద చెల్లెలు కనబడింది. కొత్త చీర, దువ్విన తల, వెనకాల పూలకుండీ. ఆడగొంతు ఒకటి మృదువుగా మొదలైంది: "మా ఆయనదే పొరపాటు. ఆయనకి ఆ అలవాటుంది. మిల్లు మమ్మల్ని కన్నబిడ్డల్లా చూసుకుంటోంది..."

ఎవరో ముక్కు చీదారు. మామ తల ఊపాడు. పన్నెండక్క ఆ గొంతు వినలేదు. అలవాటుకొద్దీ పెదవుల వంక చూసింది.

చెల్లెలు సూటిగా తన వంకే చూస్తోంది. నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా విడివిడిగా, నలభయ్యో మగ్గం దాకా అందేలా పలుకుతోంది.

*తాళం. వేసి. ఉంది. అక్కా, నువ్వు చూశావు.*

పన్నెండక్క ముందుకి వంగి మళ్ళీ చూసింది.

*వీళ్ళు ఏదో ఒకటి మాట్లాడమన్నారు, గొంతు తర్వాత పెడతారంట. ఆయన సిగరెట్టు ముట్టలేదు. తాళం వేసి ఉంది.*

చెల్లెలి చెయ్యి ఒడిలోంచి లేచింది. పిడికిలి కుడివైపు తిరిగింది.

ముందు వరసలో మామ పిడికిలి మెల్లగా లేచి అలాగే తిరిగింది. వెనక వరసలో ఇంకో చెయ్యి. ఆ వెనక పది. అద్దాల గదుల్లో బతికినవాళ్ళు మిల్లులో సగం మందికి చెవులు లేవన్నది మర్చిపోయారు. లేని చెవులకి గొంతు అతికించారు, ఉన్న కళ్ళ ముందు పెదవులు వదిలేశారు.

పన్నెండక్క లేచింది. చెల్లెలు పలుకుతున్నదే పైకి చదివింది, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు. "తాళం వేసి ఉంది." ఎన్నాళ్ళకో పైకెత్తిన గొంతు, బొంగురుగా వచ్చింది. రెండోసారి మామ కలిశాడు. మూడోసారి అందరూ కలిశారు. తెరలోని ఆ మృదువైన గొంతు ఎక్కడ మునిగిపోయిందో తెలియలేదు.

"ఎవరో నేర్పించారు వీళ్ళకి!" అని అరిచాడు మేనేజరు. "మళ్ళీ మొదట్నుంచి వెయ్యి! సరిగ్గా విననీ!"

మళ్ళీ మొదట్నుంచి వేశారు. చెల్లెలు మళ్ళీ చెప్పింది. ఈసారి జనం ఒక్క అక్షరం తప్పకుండా ఆమెతోపాటే చెప్పారు.

మామ బల్ల దగ్గరికి వెళ్ళి కాగితాల్లో తనది వెతుక్కున్నాడు. మేనేజరు వంక చూస్తూనే దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయ్యా, నాకు కళ్ళజోడు లేదు. అప్పుడు ఏం రాశారో చదవలేదు. ఇప్పుడు చదివాను." వెళ్తూ వెళ్తూ పన్నెండక్క దగ్గర ఆగాడు. "పరుపు అన్నాను కదే దాన్ని."

"నేనూ అనుకున్నాను మామా."

ఆరోజు రెండో షిఫ్టు మగ్గం ఎక్కలేదు. మూడో షిఫ్టూ ఎక్కలేదు. నాలుగోరోజు పొద్దున పోలీసు వ్యాను వచ్చి పన్నెండక్కని ఎక్కించుకుంది. మైకు కొత్తపాట అందుకుంది: బయటిశక్తులు, మత్తులో ఉన్న మూక, మిల్లు ఆవరణలో నినాదాలు నిషేధం. పెయింటరుని ఆ మాటలే గోడమీద రాయమన్నారు. అతను డబ్బా మూత తీయకుండా వచ్చి జనంలో నిలబడ్డాడు.

వ్యాను గెస్ట్‌హౌస్ ముందునుంచే పోవాలి. జనం అడ్డం కూర్చోవడంతో అక్కడే ఆగిపోయింది. వ్యాను కిటికీ అద్దం వెనక అక్క. మేడమీది కిటికీ అద్దం వెనక చెల్లెలు. పన్నెండురోజుల తర్వాత చూసుకోవడం.

*తిన్నావా?* అంది అక్క.

*తిన్నా. నువ్వు?*

*నాకెక్కడ కుదిరింది! కళ్ళు లోతుకి పోయాయేమే నీకు?*

పక్కనున్న కానిస్టేబుళ్ళకి ఏమీ వినబడలేదు. రోడ్డు మీద కూర్చున్న రెండొందలమందికి మొత్తం వినబడింది. ఒకళ్ళిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత జనమూ పెదవులు కదిపారు. గొంతు లేదు, నినాదం లేదు, నిషేధించడానికి ఏమీ లేదు. రెండొందల నోళ్ళు ఒక్కలా తెరుచుకుని ఒక్కలా మూసుకుంటున్నాయి. పైన మైకు ఒక్కటే తనలో తను మాట్లాడుకుంటోంది.

ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ నడిచి, చివరికి పెయింటరు దగ్గర ఆగాడు. "ఏమంటున్నారయ్యా వీళ్ళంతా?"

"వినబడటం లేదా సారూ?" అన్నాడు పెయింటరు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

మేడమీద చెల్లెలు పిడికిలి ఎత్తి అద్దానికి ఆనించింది. ఈసారి ఎడమవైపు తిప్పింది. కింద మామ తిప్పాడు. వ్యానులో అక్క బేడీలతోనే రెండు చేతులూ కలిపి తిప్పింది. రోడ్డు పొడుగునా పిడికిళ్ళు లేచి ఎడమవైపు తిరుగుతుంటే, గెస్ట్‌హౌస్ గేటు దగ్గరి వాచ్‌మన్, ఆరోజు ఇనపకడ్డీ పట్టినవాడే, జేబులో తాళంచెవి కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.