మే ఒకటిన గడప దాటని పాలు

మనవరాలు భవిత ఆఫీసుకు వెళ్లిపోయాక చూస్తే ఫ్రిజ్‌లో పాలు లేవు. ఏడాదిన్నర మునిమనవడు కిరీటికి దవడపళ్లు వస్తున్నాయి. మూడు రోజులుగా వాడు ఏడుస్తూనే ఉన్నాడు, నేను మోస్తూనే ఉన్నాను. వాణ్ణి చంకనేసుకుని, గ్లాసు పట్టుకుని పక్కింటి తలుపు తట్టాను. దేశంకాని దేశంలో, మిస్సిసాగాలో ఈ టౌన్‌హౌస్‌కి వచ్చినప్పటినుంచీ నోరా నాకు ఏదీ లేదనలేదు. ఐర్లండు పల్లెలో పుట్టిన మనిషి, నా ఈడుదే. నాకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఆవిడకి చాలు.

"ఇవాళ పాలు గడప దాటవు, బ్రమ్," అంది. భ్రమరాంబ అన్న నా పేరు ఆవిడ నోట్లో అంతే మిగిలింది.

మనసు చివుక్కుమంది. తిరిగి రెండు మెట్లు దిగాను.

"మే మొదటి రోజు. పాలిస్తే ఇంటి అదృష్టాన్ని వాళ్లు పట్టుకుపోతారు. మా ఆయన టామ్‌కి ఇవాళే గుండె ఆపరేషను. మా అబ్బాయి ఆస్పత్రిలో దగ్గరున్నాడు, నన్ను ఇంట్లో ఉండమన్నాడు. నాకు భయంగా ఉంది, బ్రమ్."

'వాళ్లు' ఎవరో నాకు తెలుసు. నోరా వాళ్ల ఊరి దిబ్బల్లో, ముళ్లచెట్ల కింద ఉండే మాయమనుషులు. పేరెత్తితే వింటారట. పొద్దుగూకాక మేం పామును పురుగన్నట్టే. దీపాలు పెట్టాక ఉప్పడిగిన వాళ్లను ఎంతమందిని తిప్పి పంపానో నేను. ఆ నేనే గ్లాసుతో వచ్చాను.

"పాలు దాటకూడదు సరే, పిల్లాడు లోపలికి రావచ్చుగా?"

నోరా తలుపు బార్లా తీసింది. "నాకు తట్టనే లేదు. రా, ముసలిదానా."

కిరీటి తాగి, సోఫాలోనే నిద్రపోయాడు. వాణ్ణెత్తుకుని పోయి నడుం వాల్చుదామని లేచాను. బల్లమీద సీసాలో మీగడ ఉంది. పొద్దుటినుంచీ ఊపుతున్నా వెన్న పడలేదట.

"చిలికే ఇంటికొచ్చి ఒక చెయ్యి వెయ్యకుండా పోకూడదు. వెన్న నీ వెంట పోతుంది," అంది నోరా.

"నా చేతులు చూడు. గిన్నె ఎత్తలేకపోతున్నాను."

"నావి మాత్రం?"

కూర్చున్నాను. సీసా మంచుగడ్డలా ఉంది. "ఇంత చల్లటి మీగడలో ఏ ఊళ్లోనైనా వెన్న పడుతుందా?" అని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, ఒళ్లో పెట్టుకుని ఊపాను. నేను అలిసిపోతే ఆవిడ, ఆవిడ అలిసిపోతే నేను. ఫోను బల్లమీదే ఉంది. ఇద్దరం అటు చూడలేదు.

చాలాసేపటికి సీసాలో చప్పుడు మారింది. ముద్ద అటూ ఇటూ తగులుతోంది.

రెండింటికి ఫోను మోగింది. టామ్ కళ్లు తెరిచి టీ అడిగాడట. నోరా బల్లకు తల ఆనించి ఎంతకీ లేవలేదు.

కిరీటిని ఎత్తుకుని గడప దాటాను.

"వెన్న రేపిస్తాను," అంది వెనకనుంచి.

"ఎల్లుండి ఇవ్వు," అన్నాను. "రేపు నేను పడుకుంటాను."