ఉప్పు మీద ఒక్క చెయ్యి

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటరు. స్టేషన్ ఘన్‌పూర్‌ల మజ్జిగ కాదు, పప్పు చెడింది. చెడుడంటే అట్లిట్ల కాదు, ఊరి ఇజ్జత్ పోయేటట్టు చెడింది.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులకు తాళాలు. రోడ్డు మీదనే వండి రోడ్డు మీదనే తినుడు, గదే వంటావార్పు. హైదరాబాద్ తొవ్వ మీద మొదటిసారి పొయ్యిలు పెట్టిన్నాడు ఊరు ఊరంత కదిలొచ్చింది. తెలంగాణ కోసం వండే వంటల నా చెయ్యి పడకపోతె ఎట్ల అని ఇంటికో దోసెడు బియ్యం తెచ్చిండ్రు. పాత బియ్యం, కొత్త బియ్యం, కంట్రోలు బియ్యం అన్నీ ఒకటే గంజుల పోసిండ్రు. సగం పలుకు, సగం సంకటి అయింది. ఇగ పప్పు సంగతి చెప్పొద్దు. పక్కనుంచి పోయిన ప్రతి ఆడమనిషి భక్తిగ ఒక పిడికెడు ఉప్పేసి పోయింది. నోట్లె పెట్టుకున్నోడు పెట్టుకున్నట్టే ఉమ్మిండు. పప్పు వండరానోళ్లు రాష్ట్రం ఏలుతరట అని టీవీలోడొకడు నవ్విండు కూడ.

అందరు ఉప్పేసిండ్రు, పేరు మాత్రం ముత్తమ్మకే వచ్చింది. ముప్పై ఏండ్ల సంది చుట్టుపక్కల పెండ్లిండ్లకు వండేది ఆమెనే గద మరి. గా పప్పు నీ చేతిదేనా అని ఎదురువడ్డోళ్లంత అడిగిండ్రు. కుదిరిన రెండు పెండ్లి వంటలు వేరేటోళ్లకు పోయినయి. ముత్తమ్మకు వారం దినాలు అన్నం సయించలే.

అందుకే మళ్ల మూడు దినాల వంటావార్పు పెడుతున్నం, రోజుకు రెండు వేల మందికి వండాలె అని ఉద్యమం నడిపే జేఏసీ వాళ్లు వచ్చినప్పుడు ఆమె వెంటనే ఒప్పుకోలే. ఒక షరతు పెట్టింది. ఒక్కొక్కరికి ఒక్కటే పని. ఎవరి పని వాళ్లదే. పక్కోళ్ల పనిల చెయ్యి పెడితె ఆ పూట వంట కాడికి రావద్దు, పోయి బంతిల కూసొని పెట్టింది తినాలె. వాళ్లు ఎంత పెద్దోళ్లైనా సరే, నా తోడవుట్టినోళ్లైనా సరే అన్నది. ఇది కూడ చెడితె ఘన్‌పూర్‌ల ముత్తమ్మను గంటె పట్టనిచ్చేటోళ్లు ఉండరు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఊరికీ తెలుసు.

ఇరవై మంది ఆడోళ్లను ఏరుకున్నది. అన్నం గంజులు తండా చాందీకి ఇచ్చింది, కట్టెల మంట చూసుడు కూడ ఆమెదే. ఉప్పు మాత్రం ఎస్తేరుకు ఒప్పజెప్పింది. ఎస్తేరు ఊరవతలి గూడెం మనిషి, బడిల పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతది, గ్లాసుతోని కొలవంది దేంట్లనూ ఏమీ ఎయ్యది. ఎక్కువ మాట్లాడది. ఎస్తేరు చేతి ఉప్పు మనం తినాల్నా అని గొణిగినోళ్లు లేకపోలేదు. తినబుద్ధి కానోళ్లు ఇంట్లనే వండుకోండ్రి అన్నది ముత్తమ్మ.

మొదటి దినం పొద్దుగాల పది కాకముందే లొల్లి మొదలైంది. ముత్తమ్మ అన్న పోశాలు జేఏసీల పెద్దమనిషి. తన పొలం కొత్త బియ్యం బస్తా ఒకటి ఆటోల ఏసుకొచ్చి, ఉడుకుతున్న గంజుల పొయ్యమన్నడు. ఎసరు పాత బియ్యానికి పెట్టిన, ఇప్పుడు పొయ్యరాదు అన్నది చాందీ. నాకే చెప్తవా అని పోశాలు బస్తా మూతి ఇప్పి, ఇన్ని బియ్యం గంజుల గుమ్మరించనే గుమ్మరించిండు. చాందీ జాలిగంటెతోని మీది మీద ఎత్తి పారపోసింది.

ముత్తమ్మ వచ్చి అన్న ముందల నిలబడ్డది. చిన్నప్పటి సంది ఆయనకు ఎదురు మాట్లాడి ఎరుగదు.

"అన్నా, నువ్వు పోయి బంతిల కూసో."

పోశాలు ముఖం కందగడ్డ అయింది. చుట్టూ రెండు వందల మంది చూస్తున్నరు. లేచిపోతె ఉద్యమం విడిచి పోయినట్టయితది, ఉంటె చెల్లె మాట విన్నట్టయితది. ఆఖరికి షామియానా కింద ఖాళీ బంతిల ఒక్కడే పోయి కూసున్నడు. ఆ దెబ్బకు మిగిలినోళ్ల చేతులు పక్కోళ్ల పని మీదికెల్లి వాటంతట అవే వెనుకకొచ్చినయి. పని గడియారం తీరుగ నడిచింది. ముత్తమ్మకు వారం తర్వాత ఆ పొద్దు జర పానం నెమ్మదించింది.

పన్నెండున్నరకు జనగామ దిక్కు నుంచి రావాల్సిన ర్యాలీ అర్ధగంట ముందుగాలనే వచ్చింది. డప్పులు, జెండాలు, ఎండకు మాడిన ముఖాలు. ఇంతమందా అని ముత్తమ్మ పరేషాన్ అయింది. నాలుగో గంజుల పప్పు తీసి నాలిక మీద ఏసుకున్నది. చప్పగున్నది. పక్కనే ఉప్పు బకెటు. ముప్పై ఏండ్ల అలవాటు, చెయ్యి ఆమెను అడగనే లేదు, పోయి పిడికెడు తీసింది.

గంజు మీదికి పోయిన ఆ చెయ్యిని ఎస్తేరు మణికట్టు కాడ పట్టుకున్నది.

"దీంట్ల చింతపులుసు పోసినంక ఎయ్యాలని ఆపిన, అక్కా." పట్టిన చెయ్యి ఇడువలే. "నువ్వు పోయి బంతిల కూసో."

ముత్తమ్మకు ఒళ్లు మండింది. నేను పెట్టిన రూలు నాకే చెప్తదా, నేను ఏరి తెచ్చిన మనిషి? ఉప్పు పడలే గద, చెయ్యే గద పోయింది అందామని నోటి దాక వచ్చింది. షామియానా కింద నుంచి పోశాలు కన్నార్పకుండ చూస్తున్నడు. పడలే గద అని తను ఇయ్యాల అంటె రేపు అందరూ అదే అంటరు, ఎల్లుండికి పప్పు మళ్ల ఉప్పు కషాయం అయితది. ముత్తమ్మ పిడికిలి విప్పి ఉప్పు బకెట్ల రాల్చింది. నడుముకు కట్టుకున్న తువ్వాల ఇప్పి, ఇగ వంటంత నువ్వే చూసుకో అన్నట్టు ఎస్తేరు చేతుల పెట్టింది. తల వంచుకోకుంట నడిచిపోయి అన్న పక్కన కూసున్నది.

కూసునుడు వండుడు కంటె కష్టమని ఆమెకు అప్పుడే ఎరుకైంది. రెండో అన్నం గంజు కింద పొగ కమ్ముతాంది, చాందీ అటు తిరిగి ఉన్నది. ఆగబట్టుకోలేక ముత్తమ్మ లేవబోయింది. పోశాలు ఆమె కొంగు పట్టి గుంజిండు.

"కూసో చెల్లె. మనది తినే పని."

ఆమె కూసునే లోపట చాందీ కట్టెలు వెనుకకు లాగింది, పొగ విరిగింది. వంకాయ కూర బకెట్లు బయలెల్లినయి. ఇస్తర్లు పడ్డయి. ఎవరూ ఎవరినీ కేకెయ్యలే, ఎవరూ ముత్తమ్మ దిక్కు చూడలే. తను లేకుంట ఇంత పెద్ద పని నడుస్తున్నదంటె మనసు చివుక్కుమన్నది. ఆ వెంటనే ఛాతీ పొంగింది, ఇట్ల నడిచేటట్టు చేసింది తనే గద.

పోశాలు పప్పన్నం కలిపి ఒక ముద్ద నోట్లె పెట్టుకున్నడు. ముత్తమ్మ తన ముద్ద చేతులనే పెట్టుకొని ఆయన దవడ దిక్కు చూసుకుంట కూసున్నది. ఆయన నమిలిండు, మింగిండు, ఇంకో ముద్ద కలిపిండు. బంతి పొడుగూత రెండు వందల మంది తలకాయలు ఇస్తర్ల మీదికి వంగి ఉన్నయి. ఒక్కడు కూడ ఉమ్మలే. ముత్తమ్మ కండ్లల్ల నీళ్లు తిరిగినయి, కొంగుతోని తుడుచుకున్నది.

మూడో ముద్దకు పోశాలు గొంతు సవరించుకున్నడు. "రేపు నాకు గూడ ఒక పని చెప్పరాదు. ఒక్కటే చెప్పు."

"నన్నేం అడుగుతవన్నా. నేను గూడ ఎస్తేరును అడగాల్సిందే."

ఎస్తేరు పప్పు బకెటు పట్టుకొని బంతి ఎంబడి వస్తాంది. పోశాలు ఇన్నేండ్లల్ల ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. ఇస్తరు ముందల సర్దుకొని కూసున్నడు.

"ఎస్తేరమ్మా, రేపు మా అన్నాచెల్లెండ్లకు ఏం పని ఇస్తవ్?"

ఎస్తేరు ఇద్దరి ఇస్తర్లల్ల గంటెడు గంటెడు పప్పు పోసింది, కొలిచినట్టే.

"పొద్దుగాల ఆరింటికి రాండ్రి, చెప్త. ఆరు దాటితె మళ్ల బంతిలనే."